పాకం దాటితే కారమెల్

పంచదార పాకం పట్టడం వచ్చిన మనిషికి కారమెల్ కోసం కొత్తగా నేర్పాల్సింది పెద్దగా ఉండదు. మాన్పించాల్సినవే కొన్ని ఉంటాయి. కాకినాడలో నేను ఇంటి దగ్గర కేకులు, కస్టర్డ్‌లు ఆర్డర్ల మీద చేస్తుంటాను. నేర్చుకుంటామని వచ్చేవాళ్లలో కాలేజీ పిల్లల కంటే, ఏళ్ల తరబడి సంక్రాంతికి అరిసెలు వండుతున్న వాళ్లకే కారమెల్ దగ్గర ఎక్కువ టెన్షన్. చెయ్యి ఊరుకోదు. గరిటె పెట్టి తిప్పుతారు. చుక్క తీసి వేళ్ల మధ్య సాగదీయబోతారు. కాస్త రంగు మారిందో లేదో, "అయ్యో, ముదిరిపోయింది" అని స్టవ్ కట్టేస్తారు. పాకానికైతే ఇవన్నీ మంచి అలవాట్లే. కారమెల్‌కి ఒక్కటీ పనికిరాదు.

ఎందుకో ముందు చెప్పుకుంటే మిగతాదంతా సులువవుతుంది. పాకంలో మనం కనిపెట్టేదల్లా నీళ్లు ఎంత మిగిలాయన్నదే. మరిగేకొద్దీ నీళ్లు ఆవిరైపోతాయి, నీళ్లు తగ్గేకొద్దీ పాకం వేడెక్కుతుంది. 110 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో తీగ సాగుతుంది, కాజాలు వేసుకోవడానికి అది చాలు. 115 దగ్గర చల్లటి నీళ్లలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కడుతుంది. అరిసెలకి బెల్లంతో పట్టినా మనం చూసేది ఆ ఉండనే. 150కి వచ్చేసరికి ఉండ గట్టిపడి పళ్లెం మీద వేస్తే టంగుమంటుంది. వేరుశెనగ పట్టీలకి కావాల్సింది ఆ ముదురు పాకం. అంతవరకూ పంచదార పంచదారగానే ఉంటుంది, నీళ్లు మాత్రమే పోతాయి. 160 దాటాక ఆవిరవడానికి పెద్దగా నీళ్లుండవు కాబట్టి వేడికి పంచదారే విరిగిపోవడం మొదలుపెడుతుంది. అందులోంచి వెన్న వాసన వేసేవి, వేయించిన గింజల వాసన వేసేవి, చేదువి, గోధుమరంగువి, ఎన్నో రకాల పదార్థాలు పుట్టుకొస్తాయి. తీపి తగ్గుతుంది, చేదు ఎక్కుతుంది. మా అత్తయ్యగారికి ఈ ఒక్క ముక్క ఇప్పటికీ మింగుడుపడదు. "పంచదార పోసి మరీ తీపి తగ్గించుకోవడమేంటమ్మా?" అంటారు. తగ్గించుకోవాల్సిందే. ఆ కాస్త చేదు లేకపోతే అది రంగొచ్చిన పాకం, అంతే.

కాబట్టి ఇక్కడ వేలితో పనిలేదు. కన్ను, ముక్కు, ఈ రెండే. అసలు వేలు పెట్టే ఆలోచనే వద్దు. కారమెల్ 170, 180 డిగ్రీల్లో ఉంటుంది, అంటే గారెలు వేగే నూనె అంత వేడి. నూనె చింది పడితే కొంత జారిపోతుంది. ఇది చర్మానికి అతుక్కుని, గడ్డకట్టి, అక్కడే ఉండి కాలుస్తూ పోతుంది. స్టవ్ పక్కన ఒక గిన్నెడు చల్లటి నీళ్లు పెట్టుకుని మొదలుపెట్టండి. మీద పడితే వెంటనే చెయ్యి అందులో ముంచి, తర్వాత కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టండి. అతుక్కున్న పంచదారని పీకొద్దు, నీళ్లకి అదే కరుగుతుంది. టూత్‌పేస్టు, పసుపు, సిరా లాంటి వైద్యాలు చేయొద్దు. పెద్ద బొబ్బ అయితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పిల్లల్ని వంటింట్లోంచి బయటికి పంపడం, కాటన్ చీర కొంగు నడుముకి దోపుకోవడం ఎలాగూ తెలిసినవే. ఫోన్ కూడా పక్క గదిలో పెట్టేయండి. రంగు తిరగడం మొదలయ్యాక మీ చేతిలో ఉండే టైమ్ ఒక నిమిషం, మహా అయితే రెండు.

గిన్నె గురించి

అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె అన్నిటికంటే మేలు. లోపల తెల్లగా మెరుస్తుంది కాబట్టి రంగు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. నాన్‌స్టిక్ నల్లగా ఉంటుంది, అందులో తేనె రంగుకీ రాగి రంగుకీ తేడా తెలియదు. అదీ కాక నాన్‌స్టిక్‌ని అంతంత వేడి చేయడం నాకు ఇష్టం లేదు. పల్చటి సత్తు గిన్నె వద్దు, మంట తగిలిన చోట మాడి, అంచుల్లో పచ్చిగా ఉంటుంది. కళాయి పూసిన ఇత్తడి గిన్నెలో అమ్మమ్మలు పాకం పట్టేవారు కదా అంటారు కొందరు. పాకం 115 దగ్గర ఆగిపోతుంది, ఇబ్బంది లేదు. కళాయి అంటే తగరం, అది 232 డిగ్రీలకి కరిగిపోతుంది. కారమెల్ చేసేటప్పుడు గిన్నె అడుగు అంత వేడికి దగ్గరగా వెళ్లిపోతుంది. ఆ గిన్నెని పులిహోర తాలింపుల జోలికి కూడా తీసుకెళ్లకుండా పాయసాలకి ఉంచుకోండి.

గిన్నె సైజు చూసుకోండి. పావు కిలో లోపు పంచదారకి రెండు లీటర్ల గిన్నె తీసుకోవాలి. వేడి కారమెల్‌లో క్రీమ్ పోసినప్పుడు ఒక్కసారిగా మూడింతలు పొంగుతుంది, చిన్న గిన్నె అయితే స్టవ్ మీదకి వచ్చేస్తుంది. గిన్నెకి పిడి ఉంటే మంచిది, ఎందుకంటే తిప్పడం గరిటెతో కాదు, పిడి పట్టుకునే. పట్టకారుతో పట్టుకునే గిన్నె అయితే పట్టకారు బిగుతు ముందే చూసుకోండి.

పంచదార ఏదైనా పర్వాలేదు. కిరాణా కొట్లో విడిగా తూచి ఇచ్చే లావు పలుకు పంచదార కరగడానికి టైమ్ తీసుకుంటుంది, అంతే. అందులో ఒక్కోసారి దుమ్ము, గోనెపీచు ఉంటాయి. పాకానికైతే చెంచాడు పాలు పోసి మురికి పైకి తేల్చి తీసేస్తాం. కారమెల్‌లో ఆ పాలే అడుగంటి ముందు మాడతాయి. కాబట్టి పంచదారని ముందే జల్లించుకోండి, లేదా శుభ్రంగా ఉండే ప్యాకెట్ పంచదార కొనుక్కోండి.

నీళ్లు పోసి చేసే పద్ధతి

నీళ్లు లేకుండా పొడి పంచదారనే కరిగించే పద్ధతి కూడా ఉంది. గిన్నె వేడిచేసి పల్చగా ఒక పొర పంచదార చల్లి, అది కరిగాక ఇంకో పొర, అలా వేసుకుంటూ పోవాలి. త్వరగా అవుతుంది, వాసన కూడా ఘాటుగా వస్తుంది. కానీ ఒక మూల రాగి రంగు వచ్చేసరికి ఇంకో మూల తెల్లగా పలుకులు ఉంటాయి. చెయ్యి తిరిగాక చేసుకోవచ్చు. మొదట నీళ్లతోనే చేయండి.

200 గ్రాముల పంచదార, అంటే దాదాపు ఒక కప్పు. 60 మిల్లీలీటర్ల నీళ్లు, అంటే నాలుగు పెద్ద చెంచాలు. నాలుగు చుక్కల నిమ్మరసం. నీళ్లు ముందు పోసి, పంచదారని మధ్యలో పడేలా నెమ్మదిగా పోయండి. గిన్నె గోడలకి పలుకులు అంటకుండా చూసుకోవడమే ఇక్కడ సగం పని. పంచదారంతా తడిసేలా చెంచాతో అప్పుడే ఒకసారి కలపండి, స్టవ్ వెలిగించకముందే. మీడియం మంట పెట్టి, పంచదార పూర్తిగా కరిగి మరగడం మొదలయ్యాక చెంచా పక్కన పెట్టేయాలి. ఇక అది మళ్లీ గిన్నెలోకి వెళ్లకూడదు.

ఎందుకంటే, కరిగిన పంచదారకి మళ్లీ పలుకు కట్టాలనే ఉంటుంది. గోడ మీద ఎండిన ఒక్క పలుకు రాలినా, చెంచాకి అంటుకున్నది లోపలికి వెళ్లినా, దాన్ని పట్టుకుని మిగతాదంతా వరసగా పలుకు కడుతుంది. రెండు నిమిషాల్లో గిన్నెనిండా తెల్లటి ఇసక. నిమ్మరసం దీన్ని ఆపడానికే. పులుపుకి పంచదారలో కొంత భాగం గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది, రకరకాలవి కలిసి ఉన్నప్పుడు పలుకు కట్టడం కష్టం. పాకంలో నిమ్మకాయ పిండటం వెనక ఉన్న కారణమూ అదే. చుక్కలు ఎక్కువ వేయొద్దు, తర్వాత క్రీమ్ విరుగుతుంది.

మరగడం మొదలైన వెంటనే రెండు నిమిషాలు మూత పెట్టండి. లోపలి ఆవిరి గోడల మీదుగా కారి, అంటుకున్న పలుకుల్ని కడిగేస్తుంది. తర్వాత మూత తీసేసి, ఇక చూస్తూ ఉండటమే. ఇంత చేసినా పలుకు కట్టిందనుకోండి, పారబోయకండి. పావు గ్లాసు నీళ్లు పోసి, సన్న మంట మీద మొత్తం కరిగేదాకా ఉంచి, మళ్లీ మొదటి నుంచి మరిగించండి. గ్యాస్ తప్ప ఏమీ నష్టం లేదు.

రంగు చూడటం

మొదట్లో బుడగలు చిన్నవి, చురుకైనవి, చిటపటమంటూ పగులుతుంటాయి. నీళ్లు తగ్గేకొద్దీ బుడగలు పెద్దవవుతాయి, బద్ధకంగా లేస్తాయి, పగలడానికి టైమ్ తీసుకుంటాయి. చప్పుడు తగ్గుతుంది. అదే మీకు గుర్తు: గిన్నె నిశ్శబ్దమైందంటే నీళ్లు అయిపోయాయి, రంగు వచ్చేస్తోంది. మంట సిమ్‌లోకి తెచ్చేయండి. ఎక్కడో ఒక పక్కన, సాధారణంగా మంట ఎక్కువ తగిలే వైపు, లేత పసుపు చార కనిపిస్తుంది. గిన్నె పిడి పట్టుకుని గుండ్రంగా ఒకసారి ఊపండి, ఆ చార మొత్తంలో కలిసిపోతుంది. ఇంకో అర నిమిషానికి మళ్లీ ఊపండి. కదిపేది గిన్నెనే.

తేనె రంగు వచ్చినప్పుడు వాసన చూడండి, ఇంకా పీచుమిఠాయి వాసనే ఉంటుంది. ఇక్కడ ఆపితే చూడటానికి బాగుంటుంది, నోట్లో పెట్టుకుంటే ఉత్త తీపి. గాజు బొమ్మల్లాంటి అలంకరణలకి తప్ప దేనికీ పనికిరాదు. ఇంకాస్త ఆగితే రాగి రంగు, 170 దాటి 175 ప్రాంతం. అప్పుడు వాసన మారుతుంది, వేగిన జీడిపప్పు, కాస్త వెన్న కలిసినట్టు. సాస్‌కి, కస్టర్డ్‌కి నేను ఆగేది ఈ రాగి రంగు ముదిరి ఎర్రబడుతున్నప్పుడు. ఆ తర్వాత డికాక్షన్ రంగు, గిన్నె మీద సన్నటి పొగ తీగ లేస్తుంది, ముక్కులో చురుక్కుమంటుంది. ఇక్కడికి వచ్చాక లెక్క సెకన్లలోనే. పొగ తెల్లగా దట్టమై కళ్లు మండుతున్నాయంటే అయిపోయింది, దానికి వైద్యం లేదు.

గిన్నెలో రంగు మందంగా కనిపించి మోసం చేస్తుంది. ఒక తెల్లటి పింగాణీ ప్లేటు పక్కన పెట్టుకోండి. అనుమానం వచ్చినప్పుడు పొడి చెంచా కొసని ముంచి ప్లేటు మీద ఒక చుక్క వేయండి. అసలు రంగు అక్కడ తెలుస్తుంది. చెంచా పొడిగా, శుభ్రంగా ఉండాలి, వాడింది మళ్లీ ముంచకూడదు. ట్యూబ్‌లైట్ కింద కంటే పగటి వెలుతురులో రంగు బాగా తెలుస్తుంది, అందుకే నేను ఆర్డర్ సాయంత్రానికైనా కారమెల్ మాత్రం మధ్యాహ్నం లోపు చేసేస్తాను.

ఇంకో సంగతి. స్టవ్ ఆపేసినా గిన్నె అడుగులోని వేడికి రంగు ముదురుతూనే ఉంటుంది. మీకు కావాల్సిన రంగుకి ఒక అడుగు ముందే దించేయండి. భయమైతే వెడల్పు బేసిన్‌లో రెండంగుళాల నీళ్లు పోసి ఉంచుకుని, గిన్నె అడుగు మాత్రం మూడు సెకన్లు అందులో ఆనించండి. లోపలికి ఒక్క చుక్క నీరు చిందకూడదు.

థర్మామీటర్ కొనాలా అని అడుగుతారు. ఇంత తక్కువ పంచదారలో దాని కొన సరిగా మునగదు, గిన్నె అడుగుకి తగిలి తప్పు అంకె చూపిస్తుంది. సాస్‌కి అక్కర్లేదు. బిళ్లలు చేసే ఉద్దేశం ఉంటే కొనుక్కోండి.

సాస్

పై కొలతకి 60 గ్రాముల వెన్న, 150 మిల్లీలీటర్ల క్రీమ్. స్టవ్ వెలిగించే ముందే రెండూ తూచి, చేతికి అందేలా పెట్టుకోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి క్రీమ్ పోస్తే కారమెల్ ఒక్కసారిగా బిగుసుకుని రాయిలా ముద్దకడుతుంది, పైకి చిమ్ముతుంది కూడా. అందుకే క్రీమ్‌ని పక్క స్టవ్ మీద వెచ్చబెట్టి ఉంచండి, మరగనక్కర్లేదు.

బజార్లో దొరికే అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో 25 శాతం కొవ్వు ఉంటుంది, సాస్‌కి అది సరిపోతుంది. ఇంట్లో పాల మీగడ వాడొచ్చా అంటే, ఆ రోజు తీసిన తాజా మీగడ అయితే వాడొచ్చు, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి వడకట్టి. వెన్న తీద్దామని వారం రోజులుగా డబ్బాలో పోగుచేసిన మీగడ వద్దు, అది ఎంతోకొంత పులిసే ఉంటుంది, వేడి తగలగానే విరుగుతుంది. ఉత్త పాలు పోస్తే సాస్ నీళ్లగా ఉంటుంది.

రాగి రంగు ముదరగానే స్టవ్ ఆపేసి, ముందు వెన్న ముక్కలు వేయండి. బుస్సున పొంగుతుంది, మొహం దూరంగా పెట్టండి. ఇప్పుడు గరిటె వాడొచ్చు, ఇక పలుకు కట్టే భయం లేదు. వెన్న కలిసిపోయాక క్రీమ్‌ని సన్నటి ధారగా, మూడు విడతలుగా పోస్తూ కలపండి. కింద గట్టి ముద్దలు కనిపిస్తే కంగారుపడకండి. సిమ్‌లో మళ్లీ స్టవ్ వెలిగించి రెండు నిమిషాలు కలిపితే అన్నీ కరిగిపోతాయి. వేడి మీద సాస్ పల్చగా కనిపిస్తుంది, "చిక్కబడలేదు" అని ఇంకా మరిగిస్తే చల్లారాక చెంచా దిగదు. గరిటె వెనక వేలితో గీత గీస్తే, అదీ సాస్ బాగా చల్లారాకే, గీత నిలవాలి. అంతే చాలు.

ఉప్పు వేయాలి. ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతం వాళ్లకి ఉప్పు వెన్నే అలవాటు. రాజుల కాలంలో ఫ్రాన్స్‌లో చాలా చోట్ల ఉప్పు మీద గాబెల్ అనే భారీ పన్ను ఉండేది. బ్రిటనీకి మినహాయింపు ఉండటంతో అక్కడ వెన్నలో ఉప్పు ధారాళంగా పడేది. ఆ ప్రాంతంలోని కిబెరాన్ అనే ఊళ్లో ఆంరీ ల రూ అనే మిఠాయి తయారీదారు 1977లో ఉప్పు వెన్నతో, గింజల పలుకులతో చేసిన కారమెల్ బిళ్లల నుంచే ఇవాళ ఐస్‌క్రీమ్ షాపుల్లో కనిపించే సాల్టెడ్ కారమెల్‌కి పేరొచ్చింది. మనకి దొరికే పసుపు రంగు టేబుల్ బటర్ కూడా ఉప్పు వెన్నే కాబట్టి, అది వాడితే విడిగా ఉప్పు వేయకముందు రుచి చూడండి. తెల్ల వెన్న వాడితే పావు టీస్పూన్‌తో మొదలుపెట్టండి. ఇంట్లో చిలికిన వెన్న అయితే మజ్జిగ పోయేలా చల్లటి నీళ్లలో బాగా కడిగి వాడాలి.

చల్లారాక పొడి గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు నిశ్చింతగా ఉంటుంది. గట్టిపడితే సీసాని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. తడి చెంచా పెట్టారో, బూజు వస్తుంది.

కస్టర్డ్‌కి

ఓవెన్ లేనివాళ్లకి కారమెల్ నేర్పమంటే నేను ముందు నేర్పేది ఇదే. దీనికి కావాల్సింది కుక్కర్. 100 గ్రాముల పంచదార, రెండు పెద్ద చెంచాల నీళ్లతో పైన చెప్పినట్టే కారమెల్ చేసుకోండి. ఇక్కడ రంగు ఇంకాస్త ముదరనివ్వండి, పాలు గుడ్ల మెత్తదనానికి ఆ చేదు తోడు ఉండాలి. దించగానే ఒక చెంచా వేడినీళ్లు దూరం నుంచి పోసి, గిన్నె ఊపి, వెంటనే ఆరంగుళాల సత్తు డబ్బాలో పోసేయండి. ఆ చెంచాడు నీళ్లు లేకపోతే అడుగున గాజు పెచ్చులా గట్టిపడి, మర్నాడు సగం డబ్బాకే అంటుకుపోతుంది. మందపాటి గుడ్డతో డబ్బా పట్టుకుని అటూ ఇటూ వంచి అడుగంతా పరచండి. చల్లారుతున్నప్పుడు టపటపమని పగుళ్లు ఇచ్చినా ఏమీ కాదు.

అర లీటరు చిక్కటి పాలు, 75 గ్రాముల పంచదార గోరువెచ్చగా వేడిచేసి, మూడు గుడ్లని నురగ రాకుండా చెంచాతో కలిపి అందులో పోయండి. బీటర్ పెట్టి గిలక్కొడితే గాలి బుడగలన్నీ కస్టర్డ్‌లో చిల్లులై తేలతాయి. కాస్త వెనీలా వేసి, టీ జల్లెడలో వడకట్టి డబ్బాలో పోయండి. పైన సిల్వర్ ఫాయిల్ బిగించండి, లేదంటే మూత నుంచి కారే ఆవిరి నీళ్లు పైన గుంటలు చేస్తాయి. కుక్కర్‌లో స్టాండు మీద పెట్టి, డబ్బా సగం ఎత్తుకి వేడినీళ్లు పోసి, వెయిట్ పెట్టకుండా మూత పెట్టి, సిమ్‌లో అరగంట. గుడ్లు, పాలు కలిసింది 80, 85 డిగ్రీలకే గడ్డకట్టేస్తుంది. కుతకుతలాడించి ఉడికిస్తే స్పాంజిలా చిల్లులు పడి నీళ్లు వదులుతుంది. డబ్బాని కదిపితే అంచులు నిలబడి మధ్యలో కొంచెం వణకాలి. అప్పుడు తీసేయండి. పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. ఆ టైమ్‌లోనే కస్టర్డ్ తడిని పీల్చుకుని కారమెల్ కరిగి రసమవుతుంది. మధ్యాహ్నం చేసి సాయంత్రం చుట్టాలకి పెడదామంటే కుదరదు. పొద్దున్న అంచు చుట్టూ చాకు తిప్పి, పళ్లెం బోర్లించి, ఒక్క ఊపుతో తిరగేయండి.

గుడ్డు తినని వాళ్లకి చైనా గ్రాస్‌తో చేసేది ఒకటుంది. నాకైతే అది జెల్లీ తిన్నట్టే ఉంటుంది.

డిసెంబరు కారమెల్, బిళ్లలు, బెల్లం

క్రిస్మస్ ప్లమ్ కేకుకి ఆ ముదురు రంగు ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. చాక్లెట్ కాదు, మాడే అంచు దాకా తీసుకెళ్లిన కారమెలే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కిటికీ తెరిచి, 200 గ్రాముల పంచదారని డికాక్షన్ రంగు దాకా రానివ్వండి. పొగ తీగ లేవగానే ఆపేసి, 120 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పొడవాటి గరిటెతో కొద్దికొద్దిగా పోయండి. భగ్గున ఆవిరి లేస్తుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి. గడ్డకట్టినది మళ్లీ వేడిచేస్తే కరిగిపోతుంది. చల్లారిన ఈ నల్లటి రసాన్ని కేకు పిండిలో కలపాలి. నాలిక మీద వేసుకుంటే చేదే, కేకులో ఎండుద్రాక్ష తీపి పక్కన ఆ చేదు కుదురుకుంటుంది.

నమిలే బిళ్లలకి 200 గ్రాముల పంచదారకి 40 గ్రాముల లిక్విడ్ గ్లూకోజ్, 200 మిల్లీలీటర్ల క్రీమ్, 60 గ్రాముల వెన్న. సాస్ లాగే మొదలుపెట్టి, క్రీమ్ కలిపాక ఆపకుండా తిప్పుతూ 118, 120 డిగ్రీల దాకా ఉడికించాలి. థర్మామీటర్ లేదా, ఇక్కడ మాత్రం మీ అరిసెల అనుభవం మళ్లీ పనికొస్తుంది: చల్లటి నీళ్లలో చుక్క వేసి, నీళ్లలోనే ఉండ చేయండి. అరిసెల ఉండ కంటే ఒక పిసరు గట్టిగా ఉండాలి. నెయ్యి రాసిన బటర్ పేపర్ మీద పోసి, ఆరాక నెయ్యి పూసిన చాకుతో కోయండి. మా సముద్రం గాలికి కోసిన బిళ్ల పళ్లెంలో ఉంచితే సాయంత్రానికి జిగురు కారుతుంది. కారమెల్ గాలిలో తేమని లాగేసుకుంటుంది. కోసిన వెంటనే ఒక్కోటి కాగితంలో చుట్టి గాలి చొరని డబ్బాలో వేయండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చే బిళ్లల ఆర్డర్లు నేను ఒప్పుకోను.

బెల్లంతో కారమెల్ అవుతుందా అంటే, కాదు. బెల్లం అప్పటికే గోధుమరంగు, రంగు చూసి ఆపడానికి వీల్లేదు. అందులో ఉండే గ్లూకోజ్, ఫ్రక్టోజ్, ఇతర పదార్థాలు పంచదార కారమెల్ అయ్యేలోపే మాడిపోతాయి. కానీ బెల్లం సాస్ వేరుగా చాలా బాగుంటుంది. 150 గ్రాముల మంచి అనకాపల్లి బెల్లం పావు కప్పు నీళ్లలో కరిగించి, ఇసక పోయేలా వడకట్టి, 60 గ్రాముల వెన్న వేసి చిక్కబడేదాకా మరిగించండి. స్టవ్ ఆపి ఐదు నిమిషాలు ఆగాకే 100 మిల్లీలీటర్ల క్రీమ్ కలపండి. పరమాన్నంలో బెల్లం వేసే ముందు స్టవ్ ఎందుకు ఆపుతామో ఇక్కడా అందుకే ఆపాలి, వేడి మీద బెల్లానికి పాలు విరుగుతాయి.

గిన్నె అడుగున గట్టిపడిన కారమెల్‌ని స్టీలు పీచుతో గోకి చేతులు నొప్పి పుట్టించుకోకండి. గిన్నెలోకి మునిగేంత నీళ్లు పోసి, వాడిన గరిటె, చెంచాలు అందులోనే వేసి ఐదు నిమిషాలు మరిగించండి, పంచదారే కదా, మొత్తం వదిలేస్తుంది. మాడనిది అయితే ఆ నీళ్లు చల్లార్చి సీసాలో పోసుకోవచ్చు. కాఫీలో పంచదారకి బదులు మా ఇంట్లో అదే పోస్తాం.